ప్రొటీనాయ నమః!

ఈమధ్య మన శుక్రవారం విందుల్లో ఒక వింత గమనించారా? పులిహోర గిన్నె నిండుగానే ఉండిపోతోంది, చికెన్ ట్రే మాత్రం పది నిమిషాల్లో ఖాళీ! "అన్నం మానేశాను గురూ, అంతా ప్రొటీనే" అనేవాళ్ళు మా జాబ్రియాలో బిల్డింగ్‌కి ఇద్దరైనా ఉంటారు. సన్నబడ్డారు కూడా, కాదనను.

ఈ మోజు కొత్తదేం కాదు. అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ 1972లోనే పిండిపదార్థాలు తగ్గించమని పుస్తకం రాశారు. మన తెలుగునాట 2017-18లో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊళ్ళకి ఊళ్ళనే ఊపేసింది. కొబ్బరినూనె, నిమ్మకాయలు, రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు... గుర్తుంది కదా? నిజానికి అందులో ప్రధానం కొవ్వు, ప్రొటీన్ కాదు. మనవాళ్ళు "అన్నం మానెయ్" అన్న ముక్క ఒక్కటి పట్టుకుని, ఖాళీ అయిన చోటంతా కబాబులతో నింపేశారు!

ప్రొటీన్ తింటే ఆకలి త్వరగా వెయ్యదు, అది అరగడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. మాయేం లేదు. మొదటి వారం తగ్గే బరువులో మాత్రం ఎక్కువభాగం నీళ్ళే. ఆ తర్వాత సంగతంటారా? 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని ఏడాదిపాటు పరిశీలించారు. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట.

నా భయమల్లా షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళ గురించే. తెలిసినాయన ఒకరు అన్నం మానేశారు, గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. నాలుగోరోజు ఆఫీసులో చెమటలు, చేతుల వణుకు! పక్కసీటు కుర్రాడు గబగబా జ్యూస్ పట్టించబట్టి సరిపోయింది. మనం తిన్నా తినకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్‌ని తోడిస్తూనే ఉంటుంది మరి. డైట్ మొదలుపెట్టేముందే డాక్టర్ గారితో మాట్లాడి డోసు సరిచేయించుకోవాలి, కళ్ళు తిరిగాక కాదు.

కిడ్నీల సంగతీ అంతే. ఆరోగ్యమైన కిడ్నీని ప్రొటీన్ పాడుచేస్తుందని గట్టి రుజువు లేదు. కానీ షుగర్, బీపీ ఉన్నవాళ్ళకి కిడ్నీ చప్పుడు చెయ్యకుండా దెబ్బతింటుంది, అలాంటిదాని మీద ఇది అదనపు బరువు. క్రియాటినిన్, యూరిన్ ఆల్బుమిన్ పరీక్షలు రెండూ చేయించుకుంటే తెలిసిపోతుంది. పైగా మనముంటున్నది 2016లో మిత్రిబాలో 53.9 డిగ్రీలు కాసిన దేశం! మాంసం ఎక్కువై, నీళ్ళు తక్కువైతే కిడ్నీలో రాళ్ళకి పిలిచి పీట వేసినట్టే.

ఇంతకీ మనకెంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు పెట్టుకునే మనకి ఆ మాత్రం అందడమూ కష్టమే, కాబట్టి ప్రొటీన్ పెంచమనడంలో తప్పులేదు. డబ్బాల్లో అమ్మే పొడులు మాత్రం వద్దని 2024లో ఆ సంస్థే చెప్పింది. జమియాలో శనగలు, చేపలు, లబాన్ ఉండనే ఉన్నాయి. ఫూల్ కూడా (పేరు చూసి నవ్వకండి, చిక్కుడు జాతి గింజలే). మా ఇంట్లో అన్నం సగం చేసి ముద్దపప్పు రెట్టింపు చేశాం. నెయ్యి గిన్నె మాత్రం మా ఆవిడ నాకు అందనంత దూరంలో పెడుతోంది!