సరిహద్దు దాటితే మారే కాన్పు లెక్క

తొలి కాన్పు పుట్టింట జరగడం తెలుగువారి ఆచారం. సరిహద్దు గ్రామాలలో పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, మెట్టినిల్లు మరో రాష్ట్రంలో ఉండడం పరిపాటి. పర్లాకిమిడి ఆడపడుచు పాతపట్నం కోడలైతే, పురిటికి తిరిగి ఒడిశాకే వస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో సిజేరియన్ కాన్పులు సుమారు 22 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42, తమిళనాడులో 45, తెలంగాణలో దాదాపు 61. సరిహద్దు దాటినంత మాత్రాన స్త్రీ శరీరం మారదు కదా! మారేది ఆసుపత్రి. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రులలో 44 శాతం పైబడిన ఈ సంఖ్య ప్రైవేటులో 81 దాటింది. అయితే అంకె తక్కువగా ఉన్నచోట అంతా మేలేనని భావించరాదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ గర్భాశయ ద్వారాన్ని మూసివేసినా, బిడ్డ గుండె చప్పుడు పడిపోయినా శస్త్రచికిత్సే ప్రాణాధారం.

చిక్కంతా తొలిచూలు నొప్పులు నెమ్మదిగా సాగడంలోనే ఉంది. గర్భాశయ ద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత కొలమానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే పక్కన పెట్టింది. 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తరువాత కూడా తొలి కాన్పుకు 12 గంటల వరకు పట్టవచ్చునని తెలిపింది. ఇంతలో బంధువులకు ఆందోళన, ఆసుపత్రికి తొందర. నొప్పుల సూది మోతాదు మించితే నొప్పికీ నొప్పికీ నడుమ విరామం తగ్గి, బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందదు. అప్పుడు ఆపరేషన్ నిజంగానే అవసరమవుతుంది.

ముహూర్తపు కోతలది వేరే కథ. నొప్పులు రాకముందే, అందునా 39 వారాలు నిండకముందే తీసిన శిశువులకు శ్వాస ఇబ్బంది ఎక్కువ. తల్లిపాలు పట్టడమూ ఆలస్యమవుతుంది. తల్లికి తరువాతి గర్భంలో మాయ పాత కోత మచ్చకు అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు సమయాన తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. నర్సు మాట్లాడే ఒడియాగానీ కన్నడంగానీ రాని గర్భిణికి రెండు భాషలూ తెలిసిన అత్తో, పిన్నో పక్కనుండడం చిన్న విషయం కాదు. కోత ఎందుకు అవసరమైందో అడిగి, డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా రాయించుకోవలసిందీ ఆ తోడే. రెండో కాన్పుకు ఆమె మెట్టినింటి వైపు ఆసుపత్రికి వెళితే, సహజ ప్రసవానికి ప్రయత్నించవచ్చునో లేదో తేల్చే ముందు అక్కడి వైద్యురాలు అడిగేది ఆ కారణాన్నే.