పట్టా చేతికిచ్చి నోరు మూస్తే

జూన్ 25 వచ్చిందంటే ఎమర్జెన్సీని జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’తో పోలుస్తూ ఎవరో ఒకరు రాస్తారు. దేవనకొండలో పంతులుగా పనిచేసి రిటైరైన నాకు ఆ పోలిక సగమే సరిపోతుందనిపిస్తుంది. సరిపోని సగం గురించే నా దిగులంతా.

ఆ నవలలోని ఓషియానియాలో పాలకులు జనానికి పెట్టేదేమీ ఉండదు. చాక్లెట్ రేషన్ తగ్గించి, పెంచామని చాటిస్తారు. పాత పేపర్లలోని రాతలు మార్చడమే కథానాయకుడు విన్‌స్టన్ ఉద్యోగం. ఇది ఉత్త కల్పన కాదు. స్టాలిన్ పోయిన ఏడాదే, 1953లో, ఆయన కుడిభుజం బెరియాను చంపేశారు. మరుసటేడు సోవియట్ విజ్ఞాన సర్వస్వం చందాదారులకు కొత్త పేజీలు వచ్చాయి. బెరియా పేజీలు కత్తిరించేసి, ఆ చోట బేరింగ్ సముద్రం గురించిన పేజీలు అతికించుకోమన్నారు.

మా పల్లెల్లోకి ఎమర్జెన్సీ ఇట్లా రాలేదు. 1975 జూలైలో ఇందిరాగాంధీ ప్రకటించిన 20 సూత్రాల కార్యక్రమంతో వచ్చింది. ఇళ్ల స్థలాలు, మిగులు భూముల పంపకం, పల్లె అప్పుల నుంచి ఊరట, వెట్టిచాకిరీ రద్దు. వాన మీద ఆశతో వేరుశనగ వేసి, పంట పోతే సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, మూట కట్టుకునే మనిషికి ఇంటి పట్టా ఎంత పెద్దదో ఈ సీమలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల గురించి అడిగితే మా ఊరి పెద్దాయన “మాకేం కష్టం నాయనా, పట్టాలిచ్చిరి, ఆఫీసోళ్లు టయానికొచ్చిరి” అన్నాడు. అందులో అబద్ధం లేదు.

కానీ ఆ జూలై 25నే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో పోలీసులు నలుగురు విద్యార్థులను చంపారు. ఎదురుకాల్పులన్నారు. పట్టుకుని చెట్లకు కట్టి కాల్చారని తర్వాత పౌరహక్కుల వాళ్ల తార్కుండే కమిటీ తేల్చింది. డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఖైదీలు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, అక్రమంగా నిర్బంధించినా విడిపించమని కోర్టుకెక్కే వీలు లేదంది. అయిదుగురు జడ్జీల్లో కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. పత్రికల మీద సెన్సార్. పట్టా అందుకున్న పెద్దాయన చెవిన ఏది పడాలో ఢిల్లీయే తేల్చింది.

1977 మార్చిలో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. మన రాష్ట్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఒక్కటి అప్పటి మా కర్నూలు జిల్లాలోని నంద్యాల. అక్కడ జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఇందుకు తెలుగువాళ్లను తక్కువ చేసి మాట్లాడితే నేనొప్పుకోను. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దెబ్బ ఉత్తరాదిలో తగిలినంతగా ఇక్కడ తగల్లేదు. అందిన మేలు కళ్లముందుంది, జరిగిన ఘోరం దాచిపెట్టి ఉంది.

ఓషియానియాలో ఓటు లేదు, ఖన్నా లాంటి జడ్జీ లేడు. అందుకే ఎమర్జెన్సీ 21 నెలలను నవలతో సమానం చేయను. అయితే నియంతృత్వమంటే ఇదేనని పిల్లల చేతికి ‘1984’ ఒక్కటే ఇస్తే, వాళ్లు ఆ నవల్లోలా గోడమీద పెద్దన్న (బిగ్ బ్రదర్) బొమ్మ కోసం వెతుకుతారు. ఒక చేత్తో పట్టా ఇచ్చి, రెండో చేత్తో పేపర్ నోరు నొక్కే పాలన ఎదురొస్తే పోల్చుకోలేరు.

బడిలో ఎమర్జెన్సీ పాఠం చెప్పేటప్పుడు 20 సూత్రాలూ గిరాయిపల్లీ ఒకే పేజీలో ఉండాలి. ఆనాటి పట్టాదారులు కొందరు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు. పదో తరగతి పిల్లలను వాళ్ల దగ్గరికి పంపండి. అప్పుడు ఏమి అందిందో, ఏ కబురు అందలేదో రెండూ అడిగి రాసుకురమ్మనండి.