అందని ద్రాక్ష పులుపేనా?

అందని ద్రాక్షపండ్లు పుల్లన అని మన సామెత. ఆ అర్థం వచ్చే పేరుతోనే 2016లో ఓ డాక్యుమెంటరీ వచ్చింది, 'సోర్ గ్రేప్స్' అని. జెర్రీ రోత్‌వెల్, రూబెన్ అట్లాస్ తీశారు. ఇందులో హీరో లేడు, హీరోయిన్ లేదు. విలన్ మాత్రం ఉన్నాడు. మన సినిమాల్లో విలన్ చేతిలో గ్లాసుంటుంది కదా, ఈయన గ్లాసులో పోసేదాన్నే సృష్టించేశాడు!

పేరు రూడీ కుర్నియవాన్. ఇండోనేషియాలో పుట్టినవాడు. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతపు పాత వైన్లంటూ అమెరికా కుబేరులకి అమ్మి కోట్లు గడించాడు. ఎక్కడివవి? లాస్ ఏంజిలిస్ దగ్గర తన ఇంట్లో చవక వైన్లూ పాత వైన్లూ కలిపి, దొంగ లేబుళ్ళు అంటించినవి. 2008లో న్యూయార్కు వేలంపాటకి పోన్సో కుటుంబం పేరుతో 1945 నాటి 'క్లో సాన్ దనీ' సీసాలు వచ్చాయి. ఆ ఇంటి వారసుడు లోరాన్ పోన్సో విమానమెక్కి వచ్చి వాటిని పాటలోంచి తీయించేశాడు. 1980ల ముందు వాళ్ళసలు ఆ తోట వైనే తీయలేదు మరి! 2012లో రూడీ అరెస్టయ్యాడు. 2014లో పదేళ్ళ శిక్ష పడింది.

తమాషా ఏమిటంటే, రూడీ నాలుక గొప్పదని సినిమాలో అతని స్నేహితులే మెచ్చుకుంటారు. కొన్నవాళ్ళు లేబుల్‌ని రుచి చూశారు, దొంగ వైన్‌ని రుచి చూశాడు! అప్పట్నించీ నన్నో ప్రశ్న పట్టుకుంది: లేబుల్ చించేస్తే నా నాలుక ఏం చెప్పగలదు? అవకాశం దొరికినప్పుడల్లా బర్గండీ అక్షరాలు దిద్దుకుంటున్నాను.

పైకి వ్యవహారం సులువే. ఎర్రదానికి దాదాపు ఒకటే ద్రాక్ష, పినో నువార్. తెల్లదానికి షార్డనే. తేడా అంతా నేలలో ఉంది. బోన్ పట్టణానికి అటూ ఇటూ సాగే సున్నపురాతి కొండవాలుని ముక్కముక్కకీ పేరుపెట్టి విడదీశారు. వీటిని 'క్లిమా' అంటారు. అలాంటి 1247 ముక్కలకి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పై తరగతి గ్రాండ్ క్రూ, ఎక్కువగా వాలు నడుమ ఉంటుంది. తర్వాత ప్రీమియే క్రూ, ఆ తర్వాత ఊరి పేరుతో వచ్చేది, చివరగా ప్రాంతం పేరుతో వచ్చేది. సినిమా హాల్లో బాల్కనీ నుంచి నేల దాకా క్లాసులున్నట్టే!

అయితే ఒక్క టికెట్టే చూస్తే చాలదు. 'క్లో ద వూజో' అని సన్యాసులు గోడ కట్టిన తోట ఉంది. సుమారు 50 హెక్టార్లు, అంతా గ్రాండ్ క్రూయే. ఫ్రెంచి విప్లవంలో మఠం చేజారి, అమ్మకాల్లో, పంపకాల్లో చీలిపోయింది. ఇవాళ దానికి 80 మంది దాకా యజమానులు! ఎవరి ముక్క వారిది, ఎవరి చెయ్యి వారిది. అక్కినేని 'దేవదాసు' (1953), కృష్ణ 'దేవదాసు' (1974)... కథ ఒకటే, సినిమా ఒకటేనా?

ఇక రుచి చూసే పద్ధతి. గ్లాసులో మూడోవంతు పోసి తిప్పాలి. పినోది పలచటి తోలు, కనక రంగు లేత ఎరుపే. వాసన పడుచుదైతే చెర్రీ, ముసలిదైతే వాన వెలిసిన తోటలో రాలుటాకులు. నోట్లో అన్ని మూలలకీ తిప్పి ఉమ్మేయాలి. అక్కడ అది మర్యాదే సుమా! చిగుళ్ళని పట్టేసే గుణాన్ని వాళ్ళు టానిన్ అంటారు, మనకది వగరు. ఉగాది పచ్చడి తిన్న నాలుకకి పులుపునీ వగరునీ విడదీయడం ఒకరు నేర్పాలా?

ఒకే ఏడాదివి, ఒకే చేతివి, రెండు ఊళ్ళ సీసాలు కాగితం చుట్టి పక్కపక్కన పెట్టుకోవాలి. నాకు జెవ్రే ఊరిది వగరు గట్టిగా, వోల్నే ఊరిది మెత్తగా తగిలాయి. గుక్కకో సొంత మాట రాసుకుంటే అదే పాఠ్యపుస్తకం.

తాగమని ఎవరికీ చెప్పడం లేదు బాబూ! ఇంతకీ అందని ద్రాక్ష పుల్లనేనా? గ్రాండ్ క్రూ నా జేబుకి అందదు. కానీ అందినా, అందకపోయినా, మంచి బర్గండీకి పులుపుండి తీరాలి. అది లేని సీసాలో ప్రాణం లేనట్టే!