కేబీలు తగ్గించండి, ముఖం చెరిపేయకండి

పది, ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఏటా ఒకసారి ఈ హడావిడి తప్పదు. దరఖాస్తు గడువు రేపనగా ఫొటో అప్‌లోడ్ కాదు, సైజు ఎక్కువుందంటుంది. చేతికందిన ఏదో ఉచిత వెబ్‌సైట్‌లో పెట్టి 20 కేబీకి దించేస్తారు. తీరా హాల్‌టికెట్‌ మీద కళ్లూ ముక్కూ కలిసిపోయి ఉంటాయి. పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఆ ముఖాన్నే పోల్చి చూస్తారు మరి.

అసలు ఆ పేజీ ఎంత అడిగిందో చదివారా? 2023 జేఈఈ మెయిన్ దరఖాస్తులో ఫొటోకు 10 నుంచి 200 కేబీ, సంతకానికి 4 నుంచి 30 కేబీ ఇచ్చారు. 200 దాకా చోటుంటే 20కి దించడం దేనికి? ఎంత తగ్గిస్తే అంత మంచిదన్న భ్రమే ఎక్కువ ఫొటోలను పాడుచేస్తోందని నా అభిప్రాయం. గరిష్ఠ పరిమితికి కాస్త కింద ఆపండి. (పరిమితులు మారుతుంటాయి, ఆ ఏటి బులెటిన్ చూసుకోండి.)

12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటోలో 4000 × 3000, అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్లు. 35 × 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి 413 × 531 చాలు, 2 లక్షల 20 వేల లోపే. అందుకే ముందు క్రాప్ చేసి, కొలతలు తగ్గించాలి. క్వాలిటీ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. కొలతలు అలాగే ఉంచి కేబీలు మాత్రం పిండేస్తే ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంది. తగ్గించాక కొద్దిగా షార్పెన్ చేస్తే సరి. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, కాబట్టి ఎప్పుడూ ఒరిజినల్ నుంచే మొదలుపెట్టండి. చిన్నదాన్ని మళ్లీ పెద్దది చేస్తే పోయిన వివరం తిరిగి రాదు.

సంతకానికైతే తెల్ల కాగితం, నల్ల ఇంకు, పగటి వెలుగు. చుట్టూ ఖాళీ కాగితం క్రాప్ చేసేస్తే 30 కేబీలోనూ గీతలు స్పష్టంగా ఉంటాయి.

ఇంకో మాట. పిల్లల ఫొటో, సంతకం రెండూ ముక్కూ మొహం తెలియని వెబ్‌సైట్‌లో పెట్టడం నాకు నచ్చదు. విండోస్ పెయింట్‌లో ‘రీసైజ్’ ఉంది, అదే చాలు. ఆ పని మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి, పది నిమిషాల్లో నేర్చుకుంటారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అదీ కుదించేస్తుంది కనుక డాక్యుమెంట్‌గా పంపండి. మన తరగతి గ్రూపుల్లో ఫొటోలు అడిగేటప్పుడు టీచర్లు కూడా ఈ ఒక్క మాట జోడిస్తే బాగుంటుంది.