గట్టిగా కాదు, స్పష్టంగా

కిందటేడు మన ఉగాది సభలో పంచాంగ శ్రవణం ముగిశాక, పక్కన కూర్చున్న మా అమ్మని "నీ రాశికి ఎలా ఉందన్నారమ్మా?" అని అడిగాను. "దివ్యంగా ఉందన్నారు" అంది. పంతులుగారు చెప్పింది ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ అని! అప్పుడు చుట్టూ చూశాను. ముందు వరుసల్లో పెద్దవాళ్ళు చాలామంది అమ్మలాగే చిరునవ్వుతో తలలూపుతున్నారు. వాళ్ళలో ఎందరికి పంచాంగ శ్రవణంలో శ్రవణం దక్కిందో!

ఇంట్లో జరిగింది ఇంకా బాధ. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్నదల్లా నానమ్మకి అప్పజెప్పడానికి పరిగెత్తేది. "దీనికి తెలుగు ఎక్కడ వచ్చురా, నోట్లో గొణుక్కుంటుంది" అనేది అమ్మ. "నానమ్మకి నా తెలుగు నచ్చదు" అని పిల్ల మెల్లగా ఇంగ్లీషులోకి జారుకుంది. తప్పు పిల్ల తెలుగులో లేదు, నానమ్మ మనసులోనూ లేదు.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. తల అన్నా కల అన్నా ఒకటే. పసిపిల్లల సన్నని గొంతులు మరీ కష్టం. అందుకే "వినపడుతోందిరా, అర్థం కావడం లేదు" అంటారు పెద్దలు. మనమేమో విసుక్కుని అరుస్తాం. అరిస్తే శబ్దం పెరుగుతుంది కాని, స్పష్టత రాదు.

మరి ఇన్నాళ్ళూ చెవి మిషను ఎందుకు కొనలేదంటే, ధర. 2015లో అమెరికా అధ్యక్షుని శాస్త్ర సలహా మండలి ఇచ్చిన నివేదిక ప్రకారం ఒక్క మిషను సగటు ధర 2,363 డాలర్లు. చెవులు రెండు! పైగా ఒరిజినల్ మెడికేర్ చెవి మిషన్లకు డబ్బివ్వదు. మన అమ్మానాన్నలు చాలామంది విజిటర్లుగా వచ్చేవారు, వారికి ఆ మెడికేరూ లేదు.

ఇప్పుడు ఆ సాకు చాలావరకు పోయింది. 2017లో కాంగ్రెస్ చేసిన చట్టం ఆధారంగా, 2022 అక్టోబరు నుంచి 18 ఏళ్ళు దాటినవారికి, కొద్దిపాటి నుంచి మధ్యస్థ లోపానికి పనికొచ్చే మిషన్లను ప్రిస్క్రిప్షన్ లేకుండా మందుల షాపులోనే కొనుక్కోవచ్చు. జత కొన్ని వందల డాలర్ల నుంచి దొరుకుతోంది. 2024లో ఆపిల్ వారి ఎయిర్‌పాడ్స్ ప్రో 2లో మిషనులా పనిచేసే సాఫ్ట్‌వేరుకు కూడా ఎఫ్.డి.ఎ. అనుమతి ఇచ్చింది. ఆండ్రాయిడ్ ఫోనులో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే ఉచిత సదుపాయం మనం మాట్లాడే తెలుగును తెర మీద అక్షరాల్లో చూపిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి వినికిడి పోయినా, ఒక చెవికే తగ్గినా, నొప్పి, చీము, కళ్ళు తిరగడం ఉన్నా షాపుకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. లోపం తీవ్రమైతే ఈ మిషన్లు చాలవు. ఒక్కోసారి గులిమి తీయిస్తేనే సరిపోవచ్చు! కొనేముందు వాపసు షరతు డబ్బా మీద చదవండి.

మేము పరీక్ష చేయించి, ఒక జత కొన్నాం. "ఈ వయసులో నాకెందుకురా, ఆ డబ్బుతో పిల్లకి గొలుసు చేయించు" అంది అమ్మ. మొదటి వారం ఫ్రిజ్ రొద, పేపరు చప్పుడు భరించలేక తీసి డ్రాయరులో పడేసింది. రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ వెళ్తే నెల నాటికి అలవాటైంది. ఒక సాయంత్రం పిల్ల పద్యం అప్పజెబుతుంటే, "ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నావే!" అంది. "ఎప్పుడో నేర్చుకున్నాను నానమ్మా" అంది పిల్ల. నాకు నోట మాట రాలేదు.

డబ్బుకన్నా పెద్ద అడ్డంకి సిగ్గు. కళ్ళజోడు పెట్టుకుంటే పండితుడంటాం, చెవిలో మిషను పెట్టుకుంటే చెవిటివాడంటాం. చెవిటివాడి ముందు శంఖం అని సామెతలు చెప్పి నవ్వే జాతి మనది. ఆ నవ్వుకు భయపడే పెద్దలు వినపడనిది వినపడినట్టు నటిస్తున్నారు.

కార్యవర్గానికి నా మనవి ఒకటుంది. ఏటా సౌండు సరిపోలేదని స్పీకర్లు పెంచుతున్నాం. హాలులో ప్రతిధ్వని, వెనక మన కబుర్లు కలిశాక శబ్దం ఎంత పెంచినా మాట తేలదు. అలాంటివారికి కావలసింది మైకులోని మాటను నేరుగా చెవికి చేర్చే చిన్న రిసీవరు. 1990 నాటి వికలాంగుల చట్టం కింద, మైకు వాడే ఆడిటోరియంలు వీటిని సమకూర్చాలని ఇక్కడి నియమాలు చెబుతున్నాయి. హాలు బుక్ చేసేటప్పుడే అడుగుదాం. లేకపోతే నాలుగు మనమే కొందాం. ఒక పూట డెకరేషన్ తగ్గిస్తే సరి. వేదిక మీద ఒకరి తరువాత ఒకరు, మైకు దగ్గరే మాట్లాడదాం. మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు కదా, వచ్చే ఉగాదికి భోజనాల హాలులో ఒక బల్ల వేసి పెద్దల సందేహాలు తీర్చమని కోరుదాం.

షడ్రుచుల పచ్చడి అందరికీ అందేలా ఎంత జాగ్రత్త పడతామో, మాట కూడా అందరికీ అందేలా అంత జాగ్రత్త పడదాం.