స్టెంటుకు నిధులున్నాయి, టీకాకు లేవా?

గుండె జబ్బుల మీద మన రెండు రాష్ట్రాల్లో ఎప్పుడు చర్చ జరిగినా క్యాథ్‌ల్యాబ్‌ల సంఖ్య దగ్గర మొదలై స్టెంట్ల లెక్క దగ్గర ముగుస్తుంది. ఉచిత వైద్యం పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. సంతోషమే. కానీ స్టెంటు వేయించుకుని ఇల్లు చేరిన మనిషి మరుసటి ఏడాది బతికి ఉండటానికి ఇంకేం చేయాలన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. నా వాదన సూటిగానే చెబుతాను. గుండెపోటుతో చేరిన ప్రతి రోగికీ డిశ్చార్జికి ముందే ఫ్లూ టీకా వేయాలి. ఆ ఖర్చు ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీల్లోనే కలిసి ఉండాలి.

ఇందుకు ఆధారం 2021లో ‘సర్క్యులేషన్’ వైద్య పత్రికలో అచ్చయింది. ‘ఐఏఎంఐ’ అని పిలిచే ఆ అధ్యయనం 8 దేశాల్లో జరిగింది, వాటిలో మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ కూడా ఒకటి. మొత్తం 2,571 మంది, దాదాపు అందరూ గుండెపోటుతో ఆస్పత్రికి వచ్చినవారే. వాళ్లు ఆస్పత్రిలో ఉండగానే సగం మందికి ఫ్లూ టీకా, మిగతా సగానికి ఉత్త సెలైన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి టీకా పడనివారిలో వందకు 4.9 మంది చనిపోయారు. టీకా పడినవారిలో వందకు 2.9 మంది. అంటే వందకు ఇద్దరు తక్కువ. స్టెంట్లు, మందులు రెండు వర్గాలకూ అందాయి. తేడా ఆ ఒక్క సూది మందే.

ఫ్లూకూ గుండెకూ ఏమిటి సంబంధం అని అడిగే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. రక్తనాళం లోపలి గోడలో కొవ్వు చేరడం కథలో సగమే. ఆ కొవ్వును పరాయి వస్తువుగా ఎంచి తెల్ల రక్తకణాలు లోపలికి చొరబడతాయి, దాన్ని మింగి అక్కడే చిక్కుకుపోతాయి, రసాయన సంకేతాలతో మరిన్ని కణాలను రప్పిస్తాయి. ఈ ఇన్‌ఫ్లమేషన్ ఏళ్ల తరబడి సాగి, కొవ్వు గడ్డ మీది పైపొరను కొరికి పలచన చేస్తుంది. ఆ పొర చిట్లిన చోట రక్తం గడ్డకడితే అదే గుండెపోటు. అందుకే సగమే మూసుకున్న నాళం కూడా ప్రాణం తీయగలదు. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషికి ఫ్లూ వస్తే ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ ఒక్కసారిగా ఎగుస్తుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది. పలచబడిన పొర ఆ వారంలోనే చిట్లవచ్చు. కెనడాలోని ఒంటారియోలో పరిశోధకులు లెక్క తీసి 2018లో ప్రకటించారు: ల్యాబ్‌లో ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు. పొగతాగడం, షుగర్ పేరు చెప్పి భయపెట్టే మన ఆరోగ్య ప్రచారాల్లో ఈ ఆరు రెట్ల ముప్పుకు చోటెక్కడ?

ఇన్‌ఫ్లమేషన్ కారణమా, వట్టి లక్షణమా అన్న వాదన కూడా 2017లోనే తేలింది. ‘కాంటోస్’ పరీక్షలో, ఒకసారి గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను ప్రయత్నించారు. అది కొలెస్ట్రాల్‌ను తాకదు, ఇన్‌ఫ్లమేషన్‌ను మాత్రమే అణచుతుంది. 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, ఖరీదూ మామూలు రోగికి అందేది కాదు. ఆ తర్వాత కాల్చిసిన్ వంతు వచ్చింది. మన వైపు అడవినాభి అని పిలిచే మొక్క గింజల్లో దొరికే పదార్థం అది, గౌట్‌కు ఎప్పటినుంచో వాడుతున్న చవక మాత్ర. 2020లో 5,522 మందిపై జరిగిన పరీక్షలో ముప్పు 31 శాతం తగ్గింది. 2024లో గుండెపోటు వచ్చిన వెంటనే 7,062 మందికి మొదలుపెట్టి చూస్తే లాభం కనిపించలేదు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది ప్రమాదకరం కూడా. అందుకని కాల్చిసిన్‌ను పథకంలో పెట్టమని నేను అడగడం లేదు, అది ఎవరికి వాడాలో డాక్టరు చూసుకోవాలి. టీకా అలాంటిది కాదు. ఎలర్జీ లాంటి అరుదైన సందర్భాలు తప్పిస్తే దానికి రోగులను ఏరాల్సిన పనే లేదు.

ఇక్కడ ఇంకో వర్గం మీద నా కోపం చెప్పకుండా ఉండలేను. ‘అసలు దోషి ఇన్‌ఫ్లమేషనే, కొలెస్ట్రాల్ కట్టుకథ’ అంటూ వీడియోల్లో ఉపన్యాసాలిచ్చి, స్టాటిన్లు మాన్పించి, పసుపు గుళికలు అమ్మేవారు. కాంటోస్‌లో పాల్గొన్నవారిలో అత్యధికులు స్టాటిన్లు వాడుతూనే ఆ ఇంజెక్షన్ తీసుకున్నారు. స్టాటిన్ కొలెస్ట్రాల్‌తో పాటు ఇన్‌ఫ్లమేషన్‌నూ తగ్గిస్తుందని 2008లో 17,802 మందితో జరిగిన జూపిటర్ పరీక్ష చూపింది. కొవ్వూ ఇన్‌ఫ్లమేషనూ కలిసే మనిషిని చంపుతున్నాయి. ఒకదాన్ని చూపి రెండోదాని మందు మాన్పించేవారు రోగి ప్రాణంతో ఆడుకుంటున్నారు.

కీళ్లవాతం ఉన్నవారికి గుండె ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు. షుగర్, కిడ్నీ జబ్బు, చిగుళ్ల వ్యాధి, వీటన్నిటిలోనూ ఇదే ఇన్‌ఫ్లమేషన్ ఏదో ఒక మేరకు పనిచేస్తూ ఉంటుంది. వాళ్లకూ టీకా అవసరమే. కానీ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, రుజువు బలంగా ఉన్నచోటే మొదలుపెడదాం.

అభ్యంతరాలు లేవని కాదు. కోవిడ్ కారణంగా ఐఏఎంఐ అధ్యయనాన్ని అనుకున్నంత మందిని చేర్చుకోకముందే ఆపేశారు. కాబట్టి ఆ అంకె కొంత ఎక్కువగా కనిపిస్తూ ఉండవచ్చు. గుండె వైఫల్యం ఉన్న 5,129 మందిపై భారత్ సహా 10 దేశాల్లో జరిగిన మరో పరీక్షలో ప్రధాన ఫలితంలో స్పష్టమైన తేడా రాలేదు, నిమోనియా మాత్రం 42 శాతం తగ్గింది. వైరస్ ఏటా మారుతుంది, టీకా బలమూ మారుతుంది. నిజమే. అయితే వందకు ఇద్దరు కాక వందకు ఒక్కరే అనుకోండి. ఆ ఒక్కరిని వదిలేద్దామా? అమెరికా, ఐరోపా గుండె వైద్య సంఘాలు తమ మార్గదర్శకాల్లో ఏటా ఫ్లూ టీకా వేయమని చెబుతూనే ఉన్నాయి. మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో పెద్దల ఫ్లూ టీకా ఊసే లేదు.

ఖర్చు మాటకొద్దాం. ప్రైవేటులో డోసు రెండు వేలకు అటూ ఇటూగా ఉంది. అంటే వందమందికి రెండు లక్షలు, వందకు ఇద్దరు చొప్పున మిగిలే ప్రాణానికి లక్ష. ప్రభుత్వం టోకున కొంటే ఇంకా తగ్గుతుంది. గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో గడ్డ కరిగించడానికి దాదాపు 40 వేల రూపాయల టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను సర్కారు ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నాం. అది సరైన నిర్ణయం. ఆ ఇంజెక్షన్‌తో బతికించుకున్న మనిషినే రెండు వేల టీకా లేకుండా ముసురు జ్వరాల్లోకి పంపించడాన్ని ఏ లెక్కతో సమర్థిస్తారు?

టీకాలు వేయడం మనకు చేతకాని పనా? కోవిడ్ కాలంలో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు మారుమూల తండాలకు, గూడేలకు శీతల పెట్టెలు మోసుకుపోయారు. టీకాల తయారీలో ప్రపంచానికి తెలిసిన హైదరాబాద్ మన మధ్యే ఉంది. పైగా ఈ రోగులను వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేదు. వాళ్లు మంచం మీదే ఉన్నారు, పథకం కింద వాళ్ల పేరు, ఫోటో, యాంజియో రిపోర్టు అన్నీ నమోదై ఉన్నాయి. స్టెంటు వేసినట్టు ఆధారం అప్‌లోడ్ చేయనిదే ఆస్పత్రికి బిల్లు రాదు. టీకా వేసినట్టు ఆధారం లేకపోయినా బిల్లు ఆగాలన్న ఒక్క నిబంధన చేర్చడానికి శాసనం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, పథకాన్ని నడిపే ట్రస్టు సీఈఓ సంతకం పెట్టిన సర్క్యులర్ చాలు.

ఐఏఎంఐ ఫలితం వెలువడింది 2021లో. అప్పటి నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, ఉచిత వైద్యం పరిమితి లక్షల్లో పెరిగింది. డిశ్చార్జి కాగితం మీద మాత్రం టీకా అన్న ఒక గడి చేరలేదు. ఈ అంకె తమకు తెలియదని ఆరోగ్య శాఖలు అంటే, ఇదిగో చెబుతున్నాం: వందకు ఇద్దరు. తెలిసే ఊరుకున్నామంటే, ఎందుకు ఊరుకున్నారో వచ్చే వానాకాలం లోపు ఆ ఇద్దరి ఇళ్లవాళ్లకు చెప్పాలి.