నీరసాన్నీ పట్టించుకోండి

ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే మనకు ముందు డెంగీ గుర్తొస్తుంది, ఆ వెంటే బొప్పాయి ఆకు రసం. జ్వరమే లేకుండా కాళ్ల మీద ఎర్రటి చుక్కలు లేచి, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు కారేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్లేట్‌లెట్లను హరిస్తున్నది దోమ తెచ్చిన వైరస్ కాదు, సొంత రోగనిరోధక వ్యవస్థే. కంచే చేను మేయడమంటే ఇదే. డాక్టర్లు దీన్ని ఐటీపీ అంటారు.

1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు సంగతి తేల్చుకోవడానికి అలాంటి రోగి రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటాయి. మూర్ఛ వచ్చింది. కొద్ది రోజులకు తేరుకున్నారు. ప్లేట్‌లెట్లను నాశనం చేసేదేదో రోగి రక్తంలోనే ఉందని అలా రుజువైంది. ఆ తెగువ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇలా దారితప్పిన రోగనిరోధక వ్యవస్థ ఒక్కచోటే ఆగాలని లేదు. కొందరిలో జీర్ణాశయం మీదా పడుతుంది. అక్కడ ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకపోతే ఎంత మంచి తిండి తిన్నా అందులోని బీ12 ఒంటబట్టదు. అదే పెర్నిషియస్ అనీమియా. ఈ రెండూ ఒకే మనిషికి రావడం అరుదే కానీ, వైద్యులు ఎరగనిది కాదు. పైగా బీ12 బాగా తగ్గితే మూలుగలో ప్లేట్‌లెట్ల తయారీయే కుంటుపడుతుంది. ఐటీపీ అనుకుని స్టెరాయిడ్లు వాడినా పెరగని ప్లేట్‌లెట్లు బీ12 ఇంజెక్షన్లతో పెరిగిన సందర్భాలున్నాయి.

బీ12 లోటు ఉన్నచోట ఫోలిక్ యాసిడ్‌తో ఒక చిక్కుంది. స్ప్రూ అనే పేగుల జబ్బుకు ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఎందరికో ప్రాణం పోసిన మందు అది. అయితే పెర్నిషియస్ అనీమియాలో అది నెత్తురును పుంజుకునేలా చేస్తుందే గానీ, నరాలను కాపాడలేదు. రిపోర్టులో హిమోగ్లోబిన్ పెరుగుతుంటే, లోపల అరికాళ్ల తిమ్మిర్లు ముదురుతుంటాయి. నరాలనూ కాపాడే బీ12ను 1948లో వేరుచేశారు. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

ఐటీపీ ఉన్నవాళ్లు నీరసాన్నంతా ప్లేట్‌లెట్ల ఖాతాలో వేసి ఊరుకుంటారు. అవి పెరిగాక కూడా నీరసం వదలకపోతే, అరికాళ్లు మొద్దుబారితే, నాలుక నున్నబడి మండుతుంటే బీ12 పరీక్ష రాయమని డాక్టరును అడగండి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకముందే అడగండి.